బేరం మధ్యలో ఆగిపోయిన ఫోను

ఆ రోజుల్లో మా ఇంట్లో అలిసిపోయేది ఒక్క నా ఫోను మాత్రమే. నేనింకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు తెనాలిలో మా స్టీలు సామాన్ల కొట్లో, నాన్న కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, మధ్యాహ్నం మూడయ్యేసరికి రెప్పలు వాటంతటవే వాలిపోతుంటే, గిన్నెని వేలితో కొట్టి చూసి "ఇది సరిగ్గా మోగట్లేదేంటండి" అని అడిగే ఆవిడకి జవాబు చెప్పే ఓపిక లేక ఊరికే తలాడిస్తుంటే, ఆ ఫోనే గుర్తొస్తుంది. పొద్దున నిండుగా కనిపించేది. కాస్త గట్టి పని చెబితే చెప్పాపెట్టకుండా పడిపోయేది. అప్పట్లో దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో! (ఇప్పుడు నన్నెవరూ తిట్టట్లేదు, అదొక్కటే తేడా. తిట్టడానికి మా ఆవిడకీ ఓపిక ఉండట్లేదు.)

మాది బేరాల ఇల్లు. తాత ఇత్తడి బిందెలు అమ్మాడు, నాన్న స్టీలు అమ్మాడు, నేను స్టీలుతో పాటు కుక్కర్లకి రబ్బర్లు కూడా అమ్ముతున్నాను. వంశం ఎటు పోతోందో మీరే చూడండి. మాకు మాటలతో పాటే బేరమూ వచ్చేస్తుంది. అందులో మొదటి పాఠం లేవడం. మనం ధర చెప్పాక, అవతలివాడు "రాదండి" అన్నాక, సంచి భుజాన వేసుకుని లేచి నడవాలి. తీరిగ్గా నడవచ్చు, చెప్పులు వెతుక్కోవచ్చు, కావాలంటే ఎండ వంక చూసి "అబ్బా" అనుకోవచ్చు, వెనక్కి మాత్రం చూడకూడదు. కొట్టువాడు "సరే, రండి" అని పిలిస్తే గెలిచినట్టు. మనం తిరిగి చూశామా, పోయినట్టే. చిన్నప్పుడు కూరగాయల మార్కెట్లో నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకునేది తప్పిపోతానని కాదు, వెనక్కి చూస్తానని.

ఇంత శిక్షణ పొందినవాణ్ణి కాబట్టి, ఆ ఫోను కొన్న బేరం గురించి ఊరంతా చెప్పుకు తిరిగాను. ఒక సెల్‌ఫోన్ల కొట్లో అద్దాల బల్ల మీద, లైటు కింద, వచ్చేపోయేవాళ్లు నొక్కి చూసుకోవడానికి ఎప్పుడూ వైరు తగిలించి ఉంచిన ఫోను అది. పెట్టి ఎన్నాళ్లయిందో ఆ కొట్టాయనకే గుర్తులేదు. "కొత్తదే బాబూ, ఎవరూ వాడలేదు, చూశారంతే" అన్నాడు. నేను నా ధర చెప్పాను. రాదన్నాడు. లేచాను. రెండో అడుగు పడిందో లేదో పిలిచేశాడు! పైగా మందపాటి కవరు ఊరికే ఇచ్చాడు, చివర్లో టీ కూడా తెప్పించాడు. మా ఇంట్లో ఒక మాటుంది: అమ్మినవాడు టీ తెప్పించాడంటే కొన్నవాడు మునిగాడని. ఆ మాట నాకు టీ తాగేశాక గుర్తొచ్చింది. పంచదార కూడా సరిగ్గా సరిపోయింది.

ఇంటికి తెచ్చాక దాన్ని మేమంతా మరీ ముద్దు చేశాం. మా కొట్లో గల్లాపెట్టె ఏనాడూ ఖాళీగా ఉండకూడదు. కొట్టు కట్టేసేటప్పుడు కూడా అడుగున ఒక నోటు వదిలి మూత వేస్తాం. ఖాళీ గల్లాని చూస్తే లక్ష్మి గుమ్మంలోనే ఆగిపోతుందని నమ్మకం. అదే సూత్రం ఫోనుకీ పనికొస్తుందని నాన్న తేల్చేశాడు. గల్లా పక్కన, దేవుడి పటం కింద, ఒక చెక్క అర కొట్టించి, ఛార్జరుని మేకుకి తాడుతో కట్టేశాడు, ఎవరైనా పట్టుకుపోతారని. కొట్లో ఉన్నంతసేపూ ఫోను అక్కడే, నూటికి నూరూ నిండుగా. ఒక్కటి తగ్గితే చాలు, "ఒరేయ్, తగ్గిపోతోందిరా, పెట్టు పెట్టు" అని గిరాకీని కూడా వదిలేసి కంగారుపడేవాడు. పైన రేకుల కప్పు, పక్కన స్టెబిలైజరు, ఎదురుగా దీపం. ఊరికే వచ్చింది కదా అని ఆ మందపాటి కవరు రోహిణి కార్తెలో కూడా ఊడదీయలేదు. ముట్టుకుంటే ఇడ్లీపాత్ర మూత మీద చెయ్యి వేసినట్టుండేది. "బాగా పనిచేస్తోంది, అందుకే వేడి" అన్నాడు నాన్న. నిజమేననుకున్నాను.

ఇలా ఉండగా నాకు పెళ్లి కుదిరింది. కుదిర్చింది రేపల్లె బాబాయి. ఆయనకి అక్కడ మాలాంటి కొట్టే ఉంది, వారానికోసారి నేను సరుకు లెక్క చూసుకోవడానికి రైల్లో వెళ్లొచ్చేవాణ్ణి. అమ్మాయి బాపట్లలో బట్టల కొట్టువారి అమ్మాయి, అక్కడే ఒక బళ్లో సైన్సు చెప్పేది. పెళ్లిచూపుల్లో నన్ను ఒకటే అడిగింది, "మీ కొట్లో ఒకటే ధరా అండి?" అని. కాదన్నాను. "మా కొట్లోనూ కాదు" అంది. నాకు అక్కడే నచ్చేసింది. తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్లి ఎక్కడ చెయ్యాలన్నది మాత్రం తేలలేదు. మావాళ్లు తెనాలి అన్నారు, వాళ్లు బాపట్ల అన్నారు. పెళ్లిళ్ల సీజన్లో కొట్టు కట్టేసి పొరుగూరు వెళ్లడానికి రెండువైపులా ప్రాణం ఒప్పలేదు మరి.

ఆ రోజు రేపల్లె నుంచి రైల్లో తిరిగొస్తున్నాను. కిటికీ పక్క సీటు, ఎదురుగా ఒళ్లో జామకాయల బుట్టతో ఒక పెద్దాయన. రైలు వేమూరు దాటింది. ఫోను మోగింది. బాపట్ల అమ్మాయి! అద్దం మీద ఛార్జింగ్ ముప్పై పైచిలుకు చూపిస్తోంది, భయం లేదు కదా అనుకున్నాను.

"మిమ్మల్ని ఒకటి అడగాలండి. సూటిగా చెప్పాలి."

"అడగండి."

"పెళ్లయ్యాక నేను ఉద్యోగం మాననండి. తెనాలి నుంచి రోజూ బాపట్ల రైల్లో వచ్చి పోతాను. మీకు ఇష్టమేనా?"

"అయ్యో, దానికేముందండి!" అన్నాను ఉత్సాహంగా. "మీకు ఎలా వీలైతే అలాగే. కావాలంటే స్టేషన్‌కి నేనే దింపుతాను. సాయంత్రం మళ్లీ నేనే వచ్చి ఎక్కించుకుంటాను. మా అమ్మకి కూడా సంతోషమే. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరని ఆవిడకి ఎప్పుడూ..."

ఇంకా చాలా చెప్పాను. అంత బాగా ఆ తరవాత ఎప్పుడూ మాట్లాడలేదు. పెద్దాయన జామకాయ కొరకడం ఆపి నా వంక జాలిగా చూశాడు. "ఎవరితో బాబూ? ఫోను నల్లగా ఉందిగా" అన్నాడు.

చూసుకుంటే నిజమే. ఆవిడ ప్రశ్న పూర్తయ్యేసరికే ఆరిపోయి ఉంటుంది. జంపని వచ్చేదాకా మీట నొక్కుతూనే ఉన్నాను. అది ఒకసారి వెలిగి, నన్ను పలకరించి, మళ్లీ కన్ను మూసింది. వేరే ఎవరి ఫోనైనా అడిగి చేద్దామంటే నెంబరు నా బుర్రలో లేదు, ఆ చచ్చిన ఫోనులో ఉంది. (ఇప్పటికీ మా ఆవిడ నెంబరు నాకు నోటికి రాదు. ఈ సంగతి ఆవిడకి తెలియదు. చదవకపోతే బాగుణ్ణు.)

కొట్టుకి వచ్చి ఫోను అరలో పెట్టి, జరిగింది నాన్నకి చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని. నాన్న కళ్లు మెరిశాయి. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంటే, వాళ్లు ఒక మాట అడిగారు. మనం జవాబు చెప్పకుండా లేచాం."

"లేవలేదు నాన్నా, ఫోను ఆగిపోయింది."

"అదే రా! నేను ఇన్నేళ్లలో ఇంత చక్కగా ఎప్పుడూ లేవలేదు. ఇప్పుడు నువ్వు చెయ్యకు. వాళ్లే చేస్తారు. చేశాక, అమ్మాయి ఉద్యోగానికి మేం సరే, పెళ్లి మాత్రం తెనాల్లో, అంటాం."

"వాళ్లు చెయ్యకపోతేనో?"

"చెయ్యకపోవడమేంట్రా? బట్టల కొట్టాయనకి ఆ మాత్రం తెలీదా?"

అదే కదా చిక్కు. బట్టల కొట్టాయనకి తెలుసు. అక్కడ బాపట్లలో ఆయన కూడా కూతురితో సరిగ్గా ఇదే మాట అన్నాడట: "తెనాలివాళ్లు బేరం మధ్యలో లేచారమ్మా. మనం పిలవకూడదు." ఇక రెండు ఊళ్లలో రెండు కొట్లు, రెండు గల్లాల పక్కన ఇద్దరు పెద్దమనుషులు, ఎదుటివాడు ఎప్పుడు పిలుస్తాడా అని ఫోన్లు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. ఎవడూ పిలవడు. మధ్యలో ఎండిపోయేది మేమిద్దరం.

నాన్నకి తెలియకుండా నేనే చేద్దామని చూశాను. ఛార్జరు పెట్టుకుని మాట్లాడదామంటే అది మేకుకి కట్టేసి ఉంది, నాన్న చెవికి జానెడు దూరంలో. ఫోను తీసుకుని పక్కనే మా ఇంటి మేడ మీద రేకుల కిందికి పరిగెత్తితే, "హలో, నేనండి, ఆ రోజు..." అనేసరికి పోయింది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. ఈసారి "హలో" కూడా పూర్తవలేదు. ఇంక లాభం లేదని అర దగ్గరే నిలబడి, దీపం సర్దుతున్నట్టు నటిస్తూ మెసేజి పంపాను, బ్యాటరీ పోయిందండీ అని. జవాబు వెంటనే వచ్చింది: "జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడేనా? మా కొట్లో కూడా చీరలన్నీ విప్పించి, పర్సు ఇంట్లో మర్చిపోయామని లేచి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారండి."

కొట్టువారి అమ్మాయిని చేసుకుంటే ఇదీ కష్టం. మన సాకులన్నీ వాళ్ల కౌంటరు మీద ముందే విప్పి చూసి ఉంటారు.

ఆ తరవాత రేపల్లె బాబాయి ఫోన్ చేశాడు (నాన్న ఫోనుకి, అది మీటలది, ఏనాడూ ఆగలేదు). గొంతులో కంగారు. "అన్నయ్యా, వాళ్లు తాంబూలాలు వెనక్కి పంపే మాట మాట్లాడుతున్నారు. మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా, ఈ ఫోన్లు కట్ చెయ్యడమేంటి?" నాన్న మాత్రం చెక్కుచెదరలేదు. "అది ఉత్త బెదిరింపురా. లేచినట్టు లేస్తున్నారంతే. రెండో అడుగు వెయ్యరు చూడు" అన్నాడు. కానీ ఆ సాయంత్రం ఒక గిరాకీకి పళ్లెం ధర రెండుసార్లు తప్పు చెప్పాడు. నాకు అన్నం సయించలేదు. అమ్మ వచ్చి కంచం ముందు కూర్చుంది.

"మీ నాన్న ఒకసారి నా మీద అలిగి, బేరంలో లేచినట్టే లేచి నడిచాడు రా. నేను పిలవలేదు."

"మరి?"

"వీధి చివర నిలబడి సాయంత్రం దాకా చూశాడు. ఆకలేసి తనే వచ్చాడు. వంకాయ కూర కూడా అడిగి వేయించుకున్నాడు. అప్పుడేం పోయింది?"

మర్నాడు సరుకు చూసుకోవడానికి రేపల్లె వెళ్తున్నానని చెప్పి తెనాలి స్టేషన్‌లో బాపట్ల రైలెక్కాను. రైల్లో ఉన్నంతసేపూ వీపు మీద ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టే ఉంది. మా వంశంలో లేచిన బేరానికి తిరిగి వెళ్తున్న మొదటివాణ్ణి నేనేనని నాకు తెలుసు. (నాన్న సంగతి అప్పటికే తెలిసినా, వంకాయ కూర లెక్కలోకి రాదని సర్దిచెప్పుకున్నాను.)

బట్టల కొట్లో ఆయన గల్లా ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అందుకే నాకు భయం వేసింది.

"రా బాబూ, కూర్చో. ఏం చూపించమంటావు? పంచెలా, షర్టు గుడ్డా?"

"గుడ్డ కాదండి. మాట చెప్పడానికొచ్చాను."

"మాటకైతే ఇంత దూరం దేనికి? ఫోన్లో చెప్పొచ్చుగా."

"ఫోనే ఆగిపోతోందండి."

"అవునవును. మాట వచ్చినప్పుడల్లా ఆగుతోంది. మంచి తెలివైన ఫోను."

ఇంతలో బడి వదిలారేమో, ఆవిడ వచ్చింది. వేళ్లకి ఇంకా సుద్ద అంటుకునే ఉంది. నన్ను చూసి ఆగింది, కానీ ముఖం ఏమీ చెప్పలేదు. నేను ఫోను తీసి గాజు కౌంటరు మీద పెట్టాను. "చూడండి, ముప్పై పైనే ఉంది. మీరు ఇప్పుడు నాకు చేయండి. రెండు మాటలు పూర్తవకుండా పోతుంది. మీరే చూద్దురు గానీ" అన్నాను, సాక్షిని తెచ్చిన ప్లీడరులా.

ఆవిడ చేసింది. నేను ఎత్తాను. ఇద్దరం మూరెడు దూరంలో నిలబడి చెవులకి ఫోన్లు పెట్టుకున్నాం.

"హలో."

"హలో."

"బాగున్నారా?"

"బాగున్నానండి. మీరు?"

"బాగానే ఉన్నాం. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి."

"ఇక్కడ కూడా అండి," అన్నాను, అదే ఫ్యాను కింద నిలబడి.

పోలేదు. నా దురదృష్టం చూడండి, రైల్లో పోయింది, మేడ మీద పోయింది, ఆ చల్లటి కొట్లో మాత్రం పెళ్లికొడుకులా నిలబడింది. మేం ఎండల గురించి, మామిడికాయల గురించి, మళ్లీ ఎండల గురించి మాట్లాడాం. ఆయన ఒక రవికెల గుడ్డ కొలిచి, చింపి, మడతపెట్టి, గిరాకీని పంపించి కూడా అయిపోయింది. "మాట్లాడండి బాబూ, ఫర్వాలేదు. ఇప్పుడు బేరమేం లేదుగా, పోదులే" అన్నాడు. జీవితంలో మొదటిసారి, ఆ ఫోను చావాలని దేవుడికి మొక్కుకున్నాను. వినలేదు. రోజూ అగరొత్తుల పొగ పట్టిన ఫోను కదా, ఆయన కూడా దాని పక్షమే.

ఇక నా పని అయిపోయిందనుకుని సంచి అందుకోబోయాను. ఆవిడ "ఆగండి, ఒకసారి ఇలా ఇవ్వండి" అని ఫోను తీసుకుంది. ఆ మందపాటి కవరు ఊడదీసింది. కొన్న రోజు తరవాత నేనే దాన్ని ఒట్టిగా చూడలేదు. వెనక పక్క నిండిన దిండులా ఉంది, అంచున సన్నగా సందు విడిపోయింది. ఆవిడ దాన్ని వెల్లకిలా గాజు మీద పెట్టి, ఒక మూల వేలితో తోసింది. ఫోను బొంగరంలా గిర్రున తిరిగింది! తిరిగి, తిరిగి, కత్తెర పక్కన ఆగింది.

ఆవిడ నవ్వింది. "నాన్నా, ఈయన బేరం ఆడలేదు. పాపం, దీనికి కడుపుబ్బింది."

తరవాత నాకూ, వాళ్ల నాన్నకీ, అప్పుడే వచ్చిన ఒక గిరాకీకీ కలిపి పాఠం చెప్పింది. "ఎప్పుడూ నూరు దగ్గరే ఉంచారు కదూ? వేడిగా ఉన్న చోట?" దేవుడి పటం సంగతి చెప్పాను, స్టెబిలైజరు సంగతీ చెప్పాను, గల్లాపెట్టె నియమం కూడా దాచలేదు. "బ్యాటరీ గల్లాపెట్టె కాదండి. నిండా నింపి అలాగే ఉంచినా అరుగుతుంది, పూర్తిగా ఖాళీ చేసినా అరుగుతుంది. ఇరవైకీ ఎనభైకీ మధ్యలో తిరుగుతుంటే చాలాకాలం వస్తుంది. అన్నిటికన్నా దానికి శత్రువు వేడి. నిండుగా ఉండి, పైగా వేడిగా ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ముసలిదైన బ్యాటరీ చూపించే అంకె వేరు, ఇవ్వగలిగేది వేరు. తీరిగ్గా చల్లగా ఉంటే ఇలా నెట్టుకొస్తుంది. రైల్లో సిగ్నల్ వెతుక్కుంటూ మాట్లాడమంటే పడిపోతుంది. ఉబ్బిన దాన్ని ఇంక ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, చెత్తలో వెయ్యకండి. తిన్నగా రిపేరు షాపులో ఇచ్చి మార్పించండి."

నేను మాత్రం ఒక్క మాటే పట్టుకున్నాను. "ఉద్యోగానికి సరేనండి. ఆ రోజే సరేనన్నాను. రైల్లో జామకాయలాయన సాక్షి."

ఆవిడ ముఖం అప్పుడు మాట్లాడింది. సుద్ద చేతులు చూసుకుంటూ, "సాక్షి అక్కర్లేదులెండి" అంది. వాళ్ల నాన్న మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. మరి పెళ్లి ఎక్కడ?"

నేను ఊడదీసిన కవరు తీసి సంచిలో వేసుకున్నాను.

"బాబూ, లేచి వెళ్లినవాడు తనే తిరిగొస్తే ఏంటో మీ ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పారండి."

"అయితే బాపట్లలోనే" అని ఆయన చాలా ప్రేమగా నా భుజం తట్టి, టీ తెప్పించాడు. పంచదార సరిగ్గా సరిపోయింది.

ఇంటికొచ్చి మొత్తం చెప్పేశాను. నాన్న గల్లా మీద మోచేతులు పెట్టుకుని విన్నాడు. "ఉద్యోగం ఇచ్చావు. పెళ్లి బాపట్లకిచ్చావు. ఏం తెచ్చావు?" అన్నాడు నీరసంగా.

"అమ్మకి రవికెల గుడ్డ."

"ఎంతకి?"

"ఊరికే ఇచ్చారు నాన్నా."

"ఊరికే ఇచ్చాడా!" నాన్న కళ్లు మూసుకున్నాడు. "అయితే బాగా మునిగాంరా." తరవాత లేచి, మేకుకున్న తాడు తనే విప్పాడు. గల్లాలో నోటు మాత్రం ఈనాటికీ అలాగే ఉంటుంది.

పెళ్లి బాపట్లలోనే జరిగింది, మా కొట్టు సీజన్లోనే కట్టేశాం. ఆవిడ అన్న మాట ప్రకారం ఇప్పటికీ రోజూ పొద్దున రైలెక్కి బడికి వెళ్తోంది, సాయంత్రానికి వడిలిన తోటకూర కట్టలా దిగుతోంది. నేనేం తక్కువ కాదు. ఇప్పటి ఫోన్లు కొన్ని ఎనభై దగ్గర వాటంతటవే ఛార్జింగ్ ఆపేసుకుంటాయి, ఆ ఏర్పాటు మనుషులకి ఎవరూ చెయ్యలేదు. మా పోట్లాటలు మాత్రం ఎప్పుడో సర్దుబాటు చేసుకున్నాం. మరీ నిండనివ్వం, మరీ అడుగంటనివ్వం, ఎండాకాలం మధ్యాహ్నాలు అసలు మొదలుపెట్టం. అలా మధ్యలో తిప్పుకుంటూ ఇంతదూరం వచ్చాం. చూపించే అంకెకీ ఇవ్వగలిగేదానికీ తేడా ఉందని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ ఎవరినీ గాజు మీద పెట్టి తిప్పి చూడం.

సాయంత్రం రైల్లోంచి ఆవిడ ఫోన్ చేస్తుంది, కూరగాయలేం తేవాలనో, కాళ్లు పీకుతున్నాయనో. అప్పికట్ల దగ్గర సిగ్నల్ పోయి మాట తెగిపోతుంది. గిరాకీ ఎదురుగా ఉన్నా సరే, బేరం పీకల మీద ఉన్నా సరే, వెంటనే నేనే తిరిగి చేస్తాను. ఒక్కోసారి సిగ్నల్ పోకుండానే ఆవిడ కట్ చేస్తుందేమోనని అనుమానం. అడగలేదు. కొట్టువారి అమ్మాయి, ఎవరు ముందు పిలుస్తారో చూడటం ఆవిడకి సరదా. నేను ప్రతిసారీ వెనక్కి చూస్తూనే ఉన్నాను, ప్రతిసారీ ఓడిపోతూనే ఉన్నాను. దిగాక స్కూటర్ వెనక ఎక్కి, "టీ తాగి వెళ్దామా?" అంటుంది. పంచదార ఇప్పుడు మా ఇద్దరికీ డాక్టరు మానేయమన్నాడు. అయినా సరిపోతోంది.